రైస్ మిల్లులో అల్ట్రాసౌండ్ తనిఖీ ఎలా చేయాలి?

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో పాతకాలం మెకానిక్‌లు స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వింటారు. పద్ధతి మంచిదే. కానీ మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం అందదు. గ్రీజు తగ్గినా, గాలి లీకైనా తొలి సంకేతం అంతకు పైనే ఉంటుంది. అల్ట్రాసౌండ్ డిటెక్టర్ దాదాపు 40 కిలోహెర్ట్జ్ దగ్గరి శబ్దాన్ని పట్టి, వినగలిగే స్థాయికి దించి హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. తెర మీద డెసిబెల్ అంకె కూడా చూపిస్తుంది.

యాసంగి ధాన్యం లారీలు గేటు ముందు బారులు తీరాక మిల్లు ఆపుదామంటే ఏ ఓనరూ ఒప్పుకోడు. కాబట్టి మార్చిలోనే ఒక రౌండు పూర్తి చేయండి. వానాకాలం పంట రాకముందు ఇంకోటి.

ముందు గాలి లీకులు చూడండి, డబ్బు మిగిలేది అక్కడే. సార్టెక్స్ (రంగు మారిన బియ్యాన్ని గాలితో ఏరేసే మిషన్) నడుస్తుంటే దాని నాజిళ్లే బుస్సుబుస్సుమంటాయి, ఏది లీకో తేలదు. అందుకని మిల్లు ఆపి, కంప్రెసర్ మాత్రం నడపండి. గాలి వాడకం లేకపోయినా అది లోడ్ తీసుకుంటోందంటే (మళ్లీ గాలి నింపుతోందంటే) లీకు ఉన్నట్టే. 2 నిమిషాలు లోడ్, 6 నిమిషాలు అన్‌లోడ్ అయితే, 8లో 2 కాబట్టి కంప్రెసర్ సామర్థ్యంలో 25 శాతం గాలి వృథా.

ఇప్పుడు డిటెక్టర్ సెన్సిటివిటీ పెంచి పైపు వెంట మెల్లగా తిప్పండి. శబ్దం పెరిగేకొద్దీ సెన్సిటివిటీ తగ్గిస్తూ దగ్గరికి వెళ్లండి. చివర్లో రబ్బరు కోను తొడిగితే పక్క శబ్దాలు అడ్డురావు. పీయూ (ప్లాస్టిక్) ట్యూబు ఫిట్టింగులు, సోలినాయిడ్ వాల్వులు, ఫిల్టర్ గిన్నె, ట్యాంకు కింది డ్రెయిన్ వాల్వు వదలొద్దు. దొరికిన చోట సబ్బు నీళ్లు రాసి నిర్ధారించుకుని, ఒక ట్యాగు కట్టండి. 7 బార్ పీడనం దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 3 కిలోవాట్ల కరెంటు తింటుంది. రోజుకు 20 గంటలు నడిస్తే 60 యూనిట్లు!

తర్వాత బేరింగులు. ఇక్కడ మిషన్ కన్నా నోట్‌బుక్కే ముఖ్యమని నా అభిప్రాయం. ఒక్కసారి తీసిన అంకె ఏమీ చెప్పదు. ప్రతి బేరింగ్ హౌసింగ్ మీద పెయింటుతో చుక్క పెట్టి, ఎప్పుడూ అక్కడే, అదే లోడ్ మీద డిటెక్టర్ ప్రోబ్ (తాకించే కడ్డీ) ఆనించాలి. ఖాళీగా తిరిగే బ్లోయర్ రీడింగును ఫుల్ లోడ్ రీడింగుతో పోల్చితే టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు. బాగున్నప్పటి అంకె మీద 8 డెసిబెల్ పెరిగితే గ్రీజు అడుగుతోందని, 16 పెరిగితే బేరింగ్ దెబ్బతింటోందని సాధారణంగా లెక్క. అప్పుడు కొత్త బేరింగ్ తెప్పించి పెట్టుకోండి.

గ్రీజు గన్ కొట్టేటప్పుడూ హెడ్‌ఫోన్ తీయొద్దు. ఒక్కో స్ట్రోకు కొట్టి, కాసేపు ఆగి వినండి. గరగర తగ్గుతూ వస్తుంది, అంకె దిగుతుంది. మళ్లీ పెరగబోతుంటే వెంటనే ఆపాలి. మన దగ్గర బేరింగులు గ్రీజు లేక ఎన్ని పోతాయో, ఎక్కువై కాలిపోయేవీ అన్ని ఉంటాయేమో! నిపుల్ (గ్రీజు ఎక్కించే మూతి) మీది తవుడు, ఊక దుమ్ము తుడవకుండా కొడితే ఆ దుమ్మంతా లోపలికే పోతుంది.

ధాన్యం పైకెత్తే ఎలివేటర్‌లో పైనున్న బేరింగ్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి అక్కడ అంకెను నమ్ముకోకండి. కాస్త ఎక్కువసేపు వినండి, చిటపటలు వస్తే లోపల గుంటలు పడ్డట్టే.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లకు వెనక నుంచి అరిచినా వినపడదు. పక్కన ఇంకొకరిని ఉంచుకోండి. కండువా, హెడ్‌ఫోన్ వైరు బెల్టుల దగ్గరికి పోకుండా చూసుకోండి.

ఉప్పుడు బియ్యం మిల్లు అయితే స్టీమ్ ట్రాపులు (ఆవిరిని ఆపి, అది చల్లారి ఏర్పడిన నీళ్లను మాత్రం వదిలే వాల్వులు) కూడా చూడాలి. ట్రాపు కింది వైపు ప్రోబ్ ఆనించండి. థర్మోడైనమిక్ ట్రాపు టక్కుమని తెరుచుకుని మూసుకుంటుంది, మధ్యలో నిశ్శబ్దం. ఆగకుండా జుయ్యిమంటే ఆవిరి దాటిపోతోంది, మీ బాయిలర్ ఊక దండగ. అసలు చప్పుడే లేక పైపు చల్లగా ఉంటే, వాల్వు తెరిచే ఉందో లేదో చూసుకుని, ట్రాపు మూసుకుపోయిందేమో విప్పి చూడండి. విప్పేముందు లైను మూసి, ఆవిరి పూర్తిగా వదిలేయాలి. ఫ్లోట్ ట్రాపులో మాత్రం నీళ్లు పారే చప్పుడు ఆగకుండా రావడం మామూలే, దాన్ని చూసి కొత్తది కొనకండి.