స్టెంటు బిల్లు సరిచూసుకోవడం ఎలా

కోనసీమ లంకల నుంచి గుండెనొప్పితో రాజమండ్రికో కాకినాడకో తీసుకొచ్చినవాళ్లు ఇంటికెళ్లే తొందరలో బిల్లు చదవరు. ధరల మీద ప్రభుత్వం కట్టిన గట్టుకు గండి పడేది అక్కడే.

2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ స్టెంట్లకు, అంటే గుండె రక్తనాళం మళ్లీ మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టాలకు, గరిష్ఠ ధర కట్టింది. మందు పూత లేనిదానికి రూ. 7,260, పూత ఉన్నదానికి రూ. 29,600, పన్ను అదనం. టోకు ధరల సూచీని బట్టి ఇవి మారుతుంటాయి కాబట్టి ఆపరేషన్ రోజున అమల్లో ఉన్న ధర ఆ సంస్థ వెబ్‌సైటులో చూసుకోండి.

డిశ్చార్జికి ముందే వివరాల బిల్లు అడగండి. స్టెంటు విడిగా రాయాలి. బ్రాండు, తయారీదారు, బ్యాచ్ నంబరు ఉండాలి. మొత్తం కలిపి ‘ప్యాకేజీ’ అని రాసిస్తే ఒప్పుకోకండి. బ్యాచ్ నంబరును స్టెంటు పెట్టె మీది స్టిక్కరుతో పోల్చి, రెండింటికీ ఫోటో తీయండి. బిల్లులు కొట్టే థర్మల్ కాగితం మీది అచ్చు త్వరగా వెలిసిపోతుంది.

స్టెంటు అమర్చడానికి వాడే బెలూను, గైడ్ వైరు, క్యాథెటరు వరసలు ఇంకా జాగ్రత్తగా చూడాలి. స్టెంటు పరిమితి వాటికి వర్తించదు. ఇక్కడ తగ్గింది అక్కడ తేలొచ్చు. ఎన్ని వాడారో డాక్టరును అడిగి లెక్క సరిపెట్టుకోండి.

మందుల సంగతి వేరు. అత్యావశ్యక మందుల జాబితాకు నిపుణుల కమిటీ సలహా ఇస్తుంది. ఆ జాబితాలోని మందుల గరిష్ఠ ధరను 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కడతారు: మార్కెట్లో కనీసం 1 శాతం వాటా ఉన్న బ్రాండ్ల సగటు ధరకు 16 శాతం దుకాణదారు లాభం కలుపుతారు. 1995 ఉత్తర్వులో తయారీ ఖర్చే లెక్క. మరీ బిగిస్తే కొత్త సరుకు రాదని కంపెనీల వాదన. సగటు తీస్తే ఖరీదైన బ్రాండ్లే ధరను పైకి లాగుతాయన్న విమర్శే మాకు న్యాయంగా తోస్తుంది. జాబితాలో లేని మందుల ధర ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు.

ఎక్కువ వసూలు చేశారని తేలితే ధరల సంస్థకో డ్రగ్ ఇన్‌స్పెక్టరుకో ఫిర్యాదు చేయాలి. అలా రాబట్టిన సొమ్ము సర్కారుకు పోతుంది, మీ చేతికి రాదు. మీ డబ్బు మీకు కావాలంటే ఆసుపత్రికి రాతపూర్వకంగా అడిగి, ఇవ్వకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు ఆసుపత్రికి కట్టింది రూ. 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు.

రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేరితే స్టెంటు ఖరీదు ప్యాకేజీలోనే ఉంటుంది. విడిగా అడిగితే కట్టే ముందు ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను పిలవండి.