సరివి కట్టె చీల్చడానికి చిన్న గొడ్డలి

బారువ, కళింగపట్నం ఒడ్డున రాత్రి గుడారం వేసేవాళ్లకు దొరికేది ఎక్కువగా సరివి (సరుగుడు) కట్టే. ఎండితే ఇనుములా బిగుస్తుంది, పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి ఆరబెట్టుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

గొడ్డలి తల 600-700 గ్రాములు, కామ (పిడి) అడుగున్నర లోపు చాలు. పలచటి అంచు చూసి మోసపోకండి. అది కొమ్మలు నరకడానికి పనికొస్తుంది గానీ, చీల్చబోతే కట్టెలో ఇరుక్కుపోతుంది. తలకు రెండు పక్కలా చెంపలు కాస్త ఉబ్బుగా ఉన్నదే కట్టెను విడదీస్తుంది. కామ కింది కొసను చూడండి: చెక్క గీతలు అంచు వైపుకే సాగాలి. అడ్డంగా ఉంటే ఓ రోజు పుటుక్కుమంటుంది.

కట్టెను చేత్తో నిలబెట్టి కొట్టొద్దు, వేళ్లు పోతాయి. మోకాళ్ల మీద కూర్చుని, ముందు ఒక మొద్దు పెట్టుకోండి. కట్టె కొసలో పగులు ఉన్నచోట అంచు ఆనించి, కట్టెనూ గొడ్డలినీ కలిపి ఎత్తి మొద్దు మీద దించండి. రెండు మూడు దెబ్బలకు నోరు తెరుస్తుంది. అప్పుడు కామను పక్కకు మెలితిప్పితే చాలు. ముడి ఉన్న కట్టెను పక్కన పడేయండి, దాంతో కుస్తీ దండగ. నాలుగు అంగుళాల కన్నా లావైతే పెద్ద గొడ్డలి పని.

తల వదులైతే నీళ్లలో నానబెట్టే అలవాటుంది. అప్పటికి బిగుస్తుంది, ఆరాక ఇంకా వదులవుతుంది. కామ పైకొసలో చీల కొట్టించండి.