ఇంటి చుట్టూ, బండల కింద జాలు నీటికి దారి: ఫ్రెంచ్ డ్రెయిన్ వేసే పద్ధతి

వాన వెలిసి నాలుగు రోజులైనా గోడ మొదట్లో చెమ్మ ఆరదు. షాబాద్ బండల సందుల్లోంచి నీరు ఉబుకుతుంది. నల్లగొండ, పాలమూరు చల్క (ఎర్ర ఇసుక మట్టి) నేలల్లో పల్లానికి కట్టిన ఇళ్లలో తరచూ ఇదే బాధ. ఇక్కడ చాలాచోట్ల చల్క మట్టి మందం తక్కువ. దాని కింద గట్టి మొరం, ఇంకా దిగితే రాయి. పైనుంచి ఇంకిన నీరు మొరం మీద ఆగి, వాలు ఎటుంటే అటు జారుతుంది. ఇదే జాలు. దారిలో పునాది అడ్డమొస్తే అక్కడే నిలిచి లోపలికి ఊరుతుంది. ఆ నీరు పునాదిని చేరకముందే కంకర, చిల్లుల పైపు ఉన్న కందకంలోకి దిగి పక్కకు పోయేలా చేసేదే ఫ్రెంచ్ డ్రెయిన్.

ముందు నీరు ఎక్కడిదో తేల్చుకోండి. ఎండాకాలంలోనూ చెమ్మ ఉంటే సంపునో, నల్లా పైపునో, సెప్టిక్ ట్యాంకునో అనుమానించాలి. రాత్రి మోటరు, నల్లా బంద్ చేసి సంపులో నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. పొద్దునకు మట్టం దిగితే లీకు అక్కడే. గోడ మీద ఉప్పు పొంగి నడుము ఎత్తుదాకా పెచ్చులూడుతుంటే అది ఇటుక కింది నుంచి పీల్చుకున్న చెమ్మ. పునాది మీద డీపీసీ (చెమ్మ పైకి ఎక్కకుండా వేసే పొర) లేని ఇళ్లలో ఇది వస్తుంది. డ్రెయిన్ వేస్తే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వానే పడనక్కర్లేదు. కాలువ వదిలి నాట్లు పడితే చాలు, జాలు మొదలవుతుంది.

వానాకాలంలో ఇంటికి ఎగువ వైపు, గోడకు నాలుగడుగుల దూరంలో మూడడుగుల గుంత తీసి, నీరు ఏ లోతులో ఊరుతుందో గుర్తు పెట్టుకోండి. పైపు దానికి అర అడుగు కిందికి ఉండాలి. తవ్వకం మాత్రం ఏప్రిల్, మే నెలల్లో, మృగశిర రాకముందే ముగించాలి.

నీరు చివరికి ఎక్కడికి పోవాలో తేలకుండా గడ్డపార పట్టొద్దు. చాలా డ్రెయిన్లు ఇక్కడే చెడతాయి. మోరీలోకి (మురుగు కాలువలోకి) వదిలేట్టయితే దాని అడుగు మీ పైపు చివరకంటే కిందికుండాలి, లేకుంటే పెద్ద వానకు మోరీ నీరే ఇంటి మీదికి తిరిగొస్తుంది. మోరీ లేకపోతే ఇంటికి కనీసం 15 అడుగుల దూరంలో, పల్లం వైపు ఇంకుడు గుంత తీయొచ్చు. అది ఇంకే చల్కలోనే పని చేస్తుంది. చుట్టూ వరి మడుల్లో నీరు నిలిచి ఉంటే గుంత కూడా నిండే ఉంటుంది. అలాంటిచోట మూడడుగుల సిమెంటు రింగులతో చిన్న బావి కట్టి, ఫ్లోట్ స్విచ్ (నీరు పెరిగితే మోటరును దానంతటదే నడిపేది) ఉన్న అర హెచ్‌పీ మోటరుతో తోడటం తప్ప దారి లేదు.

వాలు ప్రతి 8 అడుగులకు ఒక అంగుళం. దాన్ని కంటితో చూసి వదిలేయకుండా, లెవెల్ పైపు (మట్టం చూసే నీటి గొట్టం) పట్టి మేకులు కొట్టి దారం కట్టండి. 100 అడుగుల పొడవుకు పన్నెండున్నర అంగుళాలు దిగాలి. ఎత్తైన మూల నుంచి రెండు వైపులకూ చీల్చి చెరో 50 అడుగులు తీసుకెళ్తే లోతు అంతగా పెరగదు. కందకం వెడల్పు అడుగున్నర, గోడ నుంచి దూరం కనీసం మూడడుగులు. కందకం అడుగు పునాది అడుగుకంటే కిందికి పోకూడదు. పోక తప్పకపోతే, ఎంత కిందికి పోతుందో అంతకు రెట్టింపు దూరం పునాది నుంచి జరగండి. మట్టితో కట్టిన పాత రాతి పునాదుల పక్కన ఒకేసారి పది, పన్నెండు అడుగులకు మించి తెరిచి ఉంచొద్దు. దారిలో పెద్ద బండ తగిలితే పగలగొట్టకుండా చుట్టి రండి.

100 అడుగులకు కావలసినవి: 110 ఎంఎం పీవీసీ పైపు, 20 అడుగులవి 5, దుమ్ము లేని 20 ఎంఎం కంకర సుమారు 240 ఘనపుటడుగులు, అంటే దాదాపు రెండున్నర బ్రాసులు, 150 నుంచి 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) నాన్ వోవెన్ (నేయని, నీటిని వదిలి మట్టిని ఆపే) జియోటెక్స్‌టైల్ గుడ్డ 7 అడుగుల వెడల్పున 100 అడుగులు. పైపుకు 10 ఎంఎం డ్రిల్లు బిట్టుతో నాలుగంగుళాలకొకటి చొప్పున రెండు వరుసల చిల్లులు వేయండి.

కందకంలో ముందు గుడ్డ పరవాలి, అంచులు రెండు వైపులా పైకి రావాలి. దాని మీద మూడంగుళాల కంకర, ఆపైన పైపు. చిల్లులు కిందికే ఉండాలి. పైకి ఉంటే నీరు పైపు నడుం దాటేదాకా లోపలికి రాదు, అప్పటికి పునాది తడుస్తుంది. మూలల్లో 90 డిగ్రీల బెండు బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు వాడి, అక్కడే ఒక నిలువు పైపు నేల మీదికి తీసి మూత పెట్టండి. కందకంలో కంకర మొత్తం మందం అడుగున్నరకు వచ్చాక గుడ్డను అడుగు అతుకుతో మూసి, మీద మట్టి వేసి ఇంటి నుంచి బయటికి వాలేలా దిమ్మిస కొట్టండి. పైపుకు మాత్రమే గుడ్డ చుట్టి, కంకరను మట్టికి వదిలేసే మేస్త్రీలున్నారు. అలా చేస్తే ఎర్ర ఒండ్రు కంకరలో పేరుకుని డ్రెయిన్ మూసుకుపోతుంది. కప్పు మీది వాననీటిని ఈ పైపులో కలపొద్దు, దానికి వేరే పైపు వేయండి.

బండల కింద వేయాలంటే, కొత్త ఇంట్లో గచ్చుకు ముందే చేయడం మేలు. మొరం దిమ్మిస చేసి, గుడ్డ పరిచి, ఆరేడు అడుగులకొక చిల్లుల పైపు పెట్టి, ఆరంగుళాల కంకర నింపండి. మీద 250 మైక్రాన్ల పాలిథిన్ కవరు అడుగు అతుకుతో పరిచి నాలుగంగుళాల కాంక్రీటు పోయాలి. పైపులు పునాది గోడలోంచి బయటికి పోయే చోట చుట్టూ అర అంగుళం ఖాళీ ఉంచి సీలెంటుతో నింపండి. బిగించి కడితే, ఇల్లు కాస్త కుంగినా పైపు తెగుతుంది. ఉన్న ఇంట్లో అయితే నీరు ఉబికే గదిలో గోడ లోపలి అంచు వెంట బండలు తీసి, ఒక్క వరుస వేసి చూడండి. చాలాసార్లు అదే సరిపోతుంది.

రేగడి నేలలో లెక్క వేరు. అది నీరు పడితే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. నీటిని వేగంగా వదలదు కనుక డ్రెయిన్‌కు అందేది కొద్దే. అక్కడ ముందు ఇంటి చుట్టూ నాలుగడుగుల గచ్చు బయటికి వాలుగా పోసి, పైనీటిని దూరంగా మళ్లించండి. తర్వాతా అవసరమైతే డ్రెయిన్‌ను గోడకు ఆరడుగుల దూరంలో వేయండి.

మూసేముందు ఎగువ మూల నుంచి నీరు పోసి, ఎక్కడా నిలవకుండా చివరి వైపు పారుతోందో లేదో చూడండి.  బయటి మూతికి ఇనుప జాలీ కట్టండి, లేకుంటే ఎలుకలు, కప్పలు చేరతాయి. ఏటా తొలకరికి ముందు నిలువు పైపుల్లోంచి గట్టిగా నీరు కొట్టి కడగండి. మొదటి రెండు వానలకు ఎర్రనీరు రావడం మామూలే. మూడో వానకూ వస్తుంటే ఎక్కడో గుడ్డ అతుకు విడిపోయిందన్నమాట. రెండు వైపుల చివర్లూ చూసి ఎర్రనీరు ఎటునుంచి వస్తుందో పట్టుకోండి, ఆ వైపున తెరిచి సరిచేస్తే చాలు.