ఇంటి జిమ్‌కి బరువులు మీరే పోసుకోండి: కాంక్రీట్ ప్లేట్లు, ఇసుక మూట, కేబుల్

ఏది సొంతంగా చేసుకోవాలి, ఏది కొనుక్కోవాలి అని తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు. వ్యాయామం మధ్యలో ఆ వస్తువు విరిగితే ఎక్కడ పడుతుంది? నేల మీద పడేదైతే నిశ్చింతగా చేసుకోవచ్చు. మెడ మీదో ఛాతీ మీదో పడేదైతే కొనడమే మేలు. అందుకే ప్లేట్లు, ఇసుక మూటలు, కేబుల్ మనం చేసుకునేవి. బార్ (ప్లేట్లు ఎక్కించే ఇనుప కడ్డీ), బెంచ్ మాత్రం కొనాల్సినవే.

నీళ్ల పైపుతో బార్ చేయాలని చాలామంది చూస్తారు. 1 అంగుళం మీడియం పైపు బయటి వ్యాసం 33.7 మి.మీ., గోడ మందం 3.2 మి.మీ. వంగకుండా తట్టుకునే శక్తిలో అది అదే ఉక్కుతో చేసిన, లోపల డొల్ల లేని 28 మి.మీ. కడ్డీకి ఇంచుమించు సమానమే. చిక్కంతా చివర్లలో తీసే మరల (స్క్రూ గాడుల) దగ్గర వస్తుంది. మర లోతు దాదాపు 1.5 మి.మీ. ఉంటుంది, అంటే గోడలో సగం పోయినట్టే. పగులు అక్కడే మొదలవుతుంది, ముందుగా ఏ సూచనా ఇవ్వదు. పైగా 33.7 మి.మీ. మందం డెడ్‌లిఫ్ట్‌లో (నేల మీది బార్‌ను ఎత్తి నిలబడే వ్యాయామంలో) పట్టుకు బాగా లావు. పాత బార్ దొరికితే చదునైన నేల మీద దొర్లించి చూడండి. ఎగిరెగిరి దొర్లిందంటే వంగిందని అర్థం, వదిలేయండి.

ప్లేటు కొలతలు

ప్రామాణిక పెద్ద ప్లేటు వ్యాసం 450 మి.మీ. బార్ నేల నుంచి సరైన ఎత్తులో ఉండాలంటే కనీసం ఒక జత ఈ కొలతలో ఉండాలి. కాంక్రీట్ లీటరుకు సుమారు 2.4 కిలోలు తూగుతుంది కాబట్టి 450 మి.మీ. వ్యాసంలో 20 కిలోలకు మందం 5.3 సెం.మీ. కావాలి. అదే వ్యాసంలో 10 కిలోలది పోస్తే మందం 2.7 సెం.మీ. కూడా రాదు, మొదటిసారి గట్టిగా నేలకు తగలగానే చీలుతుంది. కాబట్టి 10 కిలోలకు 350 మి.మీ., 5 కిలోలకు 250 మి.మీ. వ్యాసం తీసుకోండి. రెండింటికీ మందం 4.5 సెం.మీ. సరిపోతుంది.

మధ్య రంధ్రానికి 2 అంగుళాల ఇనుప పైపు ముక్క వాడండి. బయటి వ్యాసం 60.3 మి.మీ. గోడ 3.6 మి.మీ. అయితే లోపల 53 మి.మీ. వస్తుంది, 4.5 మి.మీ. అయితే 51.3 వస్తుంది. బార్ స్లీవ్ (ప్లేట్లు ఎక్కే చివరి భాగం) 50 మి.మీ. కాబట్టి రెండోది బిగువుగా, చప్పుడు లేకుండా కూర్చుంటుంది. ముక్కను ప్లేటు మందానికి సరిగ్గా కోసి, లోపలి అంచుల్ని ఆకురాయితో నున్నగా చేయాలి. లేకపోతే స్లీవ్ మీద గీతలు పడతాయి.

అచ్చు, ఊచలు

ఇక్కడి కొలతలు 20 కిలోల ప్లేటువి. అచ్చు అడుగుభాగానికి 18 మి.మీ. ప్లైవుడ్ చాలు. దాని మీద వృత్తం గీసి, 5.3 సెం.మీ. వెడల్పు రేకు పట్టీని నిలబెట్టండి. చుట్టుకొలత 141.4 సెం.మీ., అతుకుకు మరో 5 సెం.మీ. కలపాలి. పట్టీ బయట ప్రతి 10 సెం.మీ.కు ఒక చెక్క ముక్కను స్క్రూతో బిగించండి. తడి కాంక్రీట్ పట్టీని బయటికి నెడుతుంది, ముక్కలు తక్కువైతే ప్లేటు గుండ్రంగా రాదు. పైపు లోపల బిగువుగా పట్టే చెక్క బిళ్లను వృత్తం మధ్యలో బిగించి, దాని మీద పైపును నిలపండి. ఇక్కడ మూలమట్టం పెట్టి చూడకుండా ముందుకు వెళ్లొద్దు. పైపు కాస్త ఒరిగినా ప్లేటు బార్ మీద వంకరగా ఊగుతుంది, తర్వాత సరిచేసే దారి లేదు. పట్టీ అడుగు మూలలో సన్నగా సిలికాన్ పూసి వేలితో గుండ్రంగా దిద్దితే అంచు మొనదేలదు, త్వరగా పెచ్చులూడదు. ఆరాక అచ్చుకు పలచగా నూనె పూయాలి.

కాంక్రీట్ చీలకుండా లోపల పెట్టే ఇనుప ఊచలు 6 మి.మీ.వి. 39 సెం.మీ. వ్యాసంతో ఒక చక్రం వంచండి. 38 సెం.మీ. ముక్కలు నాలుగు తీసుకుని, పైపుకు నాలుగు పక్కలా ఆనుకునేలా అడ్డంగా రెండు, నిలువుగా రెండు పెట్టి, చక్రానికి బైండింగ్ వైరుతో కట్టండి. వీలుంటే పైపుకు రెండు మూడు చోట్ల వెల్డింగ్ చేయించండి. జింకు పూత ఉన్న పైపు అయితే ముందు ఆ పూత గీకేయాలి, దాని పొగ ఆరోగ్యానికి హాని. ఊచలకు నూనె అంటకూడదు.

పోయడం

ఒక 20 కిలోల ప్లేటుకు సిమెంట్ 3.4 కిలోలు, ఇసుక 5.1, కంకర 10.2, నీళ్లు ఒకటిన్నర లీటర్లు. కంకర 10 మి.మీ.కు మించకూడదు. 20 మి.మీ.ది ఊచకూ పట్టీకీ మధ్య ఇరుక్కుని, కింద డొల్ల వదిలేస్తుంది. కలిపేటప్పుడు గట్టిగా అనిపిస్తుంది, ఇంకొన్ని నీళ్లు పోయాలనిపిస్తుంది. పోయకండి. ఎక్కువైన నీరు ఆరిపోయాక మిగిలేవి సన్నని రంధ్రాలే, ప్లేటు బలహీనపడి పైన పొడి రాలుతుంది. చేతులకు రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి, తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది.

సగం ఎత్తు పోసి కర్రతో కూరండి, ఊచల చట్రం పెట్టండి, మిగతాది పోయండి. పట్టీని చుట్టూ సుత్తితో మెల్లగా కొడుతూ ఉంటే గాలి బుడగలు పైకి వస్తాయి. అవి ఆగాక తిన్నని చెక్కతో పైభాగం చదును చేయండి. రెండు రోజులకు అచ్చు విప్పి, కనీసం 7 రోజులు తడి గోనె పట్టాలు కప్పి ఉంచాలి. బార్‌కి ఎక్కించడం 28 రోజుల తర్వాతే.

ఆరేకొద్దీ ప్లేటు కొంత బరువు తగ్గుతుంది. ఊచలు, పైపు చాలావరకు ఆ లోటు పూడుస్తాయి. చివరగా తూచి, అసలు బరువును ప్లేటు మీదే రాయండి. సరిగ్గా 20 రావడం కన్నా రెండు వైపులా సమానంగా ఉండడం ముఖ్యం. అందుకే వీలైతే నాలుగు పోసి, దగ్గరి బరువులున్నవాటిని జత కట్టండి.

ఈ ప్లేట్లతో స్క్వాట్, ప్రెస్, మెల్లగా దించే డెడ్‌లిఫ్ట్ చేసుకోవచ్చు, కింద రబ్బరు పరిస్తే. పైనుంచి వదిలేసే స్నాచ్, క్లీన్ లాంటివి వీటితో వద్దు.

ఇసుక మూట

ఇది ఒక్క పూట పని. పొడి ఇసుక లీటరుకు 1.6 కిలోలు, కాబట్టి 40 కిలోల మూటకు 25 లీటర్ల జాగా. ఇసుకను కడిగి పూర్తిగా ఎండబెట్టండి, లేకపోతే దుమ్ము కుట్ల గుండా కారుతూనే ఉంటుంది. పదేసి కిలోలను మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో రెండు పొరలుగా కట్టి, టేపు చుట్టి, కాన్వాస్ సంచిలో వేయండి. లోపలి సంచుల్ని బిర్రుగా నింపకండి. కొంత ఖాళీ ఉంటే విసిరినప్పుడు ఇసుక కదులుతుంది, సంచి పగలదు.

కేబుల్

పుల్లీతో లాట్ పుల్‌డౌన్ (పైనున్న పిడిని ఛాతీ దాకా కిందికి లాగే వ్యాయామం) ఏర్పాటు చేసుకునేవారు 5 మి.మీ. ఉక్కు తాడు వాడొచ్చు. పుల్లీ కనీసం 90 మి.మీ. వ్యాసం ఉండాలి. చిన్నదానిపై తాడు పదే పదే గట్టిగా మడిచినట్టయి, లోపలి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. కొక్కేల చోట వంచిన తీగ రింగులు వద్దు, లాగుడుకు అవి తెరుచుకుంటాయి. పోతపోసినవి కాక, కాల్చి సాగగొట్టి చేసిన ఐబోల్టులు (తల దగ్గర రింగు ఉన్న బోల్టులు) తీసుకోండి. తాడు చివర మడిచి చేసిన ఉచ్చుకు మూడు క్లిప్పులు వేయండి. క్లిప్పు వంపు బోల్టు (U ఆకారంది) తాడు పొట్టి కొస వైపు ఉండాలి, దాని జీను (తాడు కూర్చునే పీట) బరువు మోసే తాడు వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే వంపు బోల్టు మోసే తాడునే నలిపేస్తుంది. బిగించిన తర్వాత కొంత బరువు వేలాడదీసి, నట్లు మళ్లీ బిగించండి, మొదటి లాగుడుకు అవి తప్పక సడలుతాయి. వారానికోసారి పాత గుడ్డతో తాడు పొడవునా తుడవండి. గుడ్డ పోగులు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ తీగ తెగింది, తాడు మార్చేయండి.