రోడ్డును చదవడం – 3వ పాఠం: పగులు ఎక్కడ పుట్టింది?

గత పాఠంలో ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. 18,000 పౌండ్లు మోసే సింగిల్ యాక్సిల్, అంటే రెండు వైపులా చక్రాలున్న ఒక ఇరుసు, ఒక్కసారి దాటితే రోడ్డుకు జరిగే నష్టం 1 అనుకున్నాం. నష్టం బరువుకు నాలుగో ఘాతంగా పెరుగుతుందని కూడా అనుకున్నాం. మరి 24,000 పౌండ్ల యాక్సిల్ దాటితే? ఆ బరువును 18,000తో భాగిస్తే 4/3 వస్తుంది. దాని నాలుగో ఘాతం 256/81, అంటే సుమారు 3.16. బరువు మూడో వంతే పెరిగింది, నష్టం మాత్రం మూడింతలు దాటింది. అదే 2,000 పౌండ్ల కారు యాక్సిల్ అయితే 6,561 సార్లు తిరిగితే గానీ ఆ 1 పూర్తి కాదు. హైవే మందాన్ని లారీలను బట్టి నిర్ణయిస్తారు, కార్లను బట్టి కాదు అని మొదటి పాఠంలో చెప్పింది ఇందుకే.

ఈ నాలుగో ఘాతం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకున్నాం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒట్టావా దగ్గర 1958 నుంచి 1960 దాకా సైనిక డ్రైవర్లు లారీలు తిప్పిన ఆషో రోడ్ టెస్ట్ అనే ప్రయోగం నుంచి. అప్పుడు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. అక్కడ వేసిన ఆరు లూపుల్లో, అంటే చుట్టు తిరిగి వచ్చే ప్రయోగ రోడ్లలో, ఒకదాని మీద లారీలు తిప్పనే లేదు. ఎండ, వాన, మంచు మాత్రమే కలిసి రోడ్డును ఏం చేస్తాయో చూడడానికి దాన్ని అలా వదిలేశారు. ఇవాళ్టి పాఠమంతా ఆ ఖాళీ లూపు చుట్టూనే తిరుగుతుంది. రోడ్డును దెబ్బతీసేవి రెండు: బరువు, వాతావరణం. పగులును చూసి అది ఏ దెబ్బో చెప్పగలగడమే మనం నేర్చుకోవాల్సిన విద్య.

ముందు చూడాల్సింది పగులు ఎంత పెద్దదని కాదు, ఎక్కడ ఉందని. లేన్‌లో బండ్ల చక్రాలు రోజూ నడిచే రెండు పట్టీలుంటాయి. వాటిని చక్రాల జాడలు అందాం. పగుళ్లు జాడల్లోనే ఉండి, వాటి మధ్యనున్న నడిపట్టీ శుభ్రంగా ఉంటే అది బరువు చేసిన పని. అలా కాక పగులు లేన్‌కు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గీత గీసినట్టు పోతే, అలాంటివే కొంత కొంత దూరంలో మళ్లీ మళ్లీ కనిపిస్తే, అది చలి చేసిన పని. తారు చలికి ముడుచుకుంటుంది. ముడుచుకునే వీలు లేక, లాగుడుకు తెగుతుంది. దానికి లారీతో పని లేదు.

బరువు వల్ల వచ్చే పగుళ్లలో బాగా గుర్తుపట్టాల్సింది మొసలి చర్మం పగులు. అది ఒక్కసారిగా రాదు. మొదట జాడ వెంట నిలువుగా వెంట్రుకంత సన్నని గీత ఒకటి పడుతుంది. కొన్నాళ్లకు దాని పక్కనే మరొకటి. తర్వాత ఆ రెంటినీ కలుపుతూ అడ్డగీతలు. చివరికి అరచేయంత, అంతకన్నా చిన్న ముక్కలుగా జాడంతా విడిపోతుంది. వాన వెలిసి పై భాగమంతా ఆరిపోయాక కూడా ఆ గీతల్లో తడి నల్లగా నిలిచి ఉంటుంది. కొన్నిచోట్ల గీతల అంచున బూడిదరంగు పొడి పేరుకుని ఉంటుంది. చూడగానే ఆగి గమనించాల్సింది ఆ పొడినే. అది పైనుంచి రాలిన దుమ్ము కాదు. కింది పొరలో నీళ్లు చేరి, చక్రం నొక్కినప్పుడల్లా సన్నని మట్టిని పైకి చిమ్ముతున్నాయన్న మాట. అంటే కంకర పొర తన బలాన్ని కోల్పోతోంది. ఇక్కడ పైన ఎంత తారు పూసినా కింద జబ్బు అలాగే ఉంటుంది.

గుంత సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. పగులులోంచి దిగిన నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పై పొరను ఎత్తుతుంది. కరిగాక కింద ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ మీద చక్రం పడగానే ముక్క ఊడిపోతుంది. గుంత కనిపించిన రోజు రోడ్డు పాడైన రోజు కాదు. అది చాలాకాలం కింద ఎవరూ మూయని పగులుతో మొదలైంది.

ఇప్పుడు కొలతలు. అమెరికా రాష్ట్రాల రవాణా శాఖలు లేజర్లు, కెమెరాలు బిగించిన వ్యాన్లను ట్రాఫిక్ వేగంతో నడిపి ఈ పని చేయిస్తాయి. 2012లో వచ్చిన ఫెడరల్ చట్టం, దాని కింద చేసిన నియమాల ప్రకారం ఇంటర్‌స్టేట్ హైవేను 0.1 మైలు ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు గ్రేడు వేస్తారు. తారు రోడ్డుకు చూసేవి మూడు. ఒకటి ఐఆర్‌ఐ, అంటే ప్రయాణంలో తగిలే కుదుపు: మైలుకు 95 అంగుళాల లోపుంటే బాగుంది, 170 దాటితే బాగోలేదు. రెండోది చక్రాల జాడలో పడిన గాడి లోతు: 0.20 అంగుళం లోపు బాగుంది, 0.40 దాటితే బాగోలేదు. మూడోది పగుళ్ల శాతం: 5 లోపు బాగుంది, 20 దాటితే బాగోలేదు. నడుమ ఉన్నవన్నీ ఫరవాలేదు. మూడూ బాగుంటేనే ముక్క బాగున్నట్టు. రెండు గానీ మూడు గానీ బాగోలేకపోతే ముక్క బాగోలేనట్టు. మిగిలినవన్నీ ఫరవాలేదు కిందికే వస్తాయి.

ఒక ముక్క తీసుకుందాం. లేన్ వెడల్పు 12 అడుగులు, ముక్క పొడవు 528 అడుగులు. కుదుపు 88, గాడి 0.31, పగుళ్లు 22 శాతం. కుదుపు బాగుంది, గాడి ఫరవాలేదు, పగుళ్లు ఒక్కటే బాగోలేదు. కాబట్టి గ్రేడు ఫరవాలేదు. కారులో దీని మీద వెళ్లినవాళ్లు రోడ్డు బాగుందనే అంటారు.

కానీ ఆ 22 అన్న అంకెను విప్పి చూడండి. శాతం లెక్కించేది లేన్ మొత్తం వైశాల్యం మీద. పగుళ్లు ఏరేది మాత్రం జాడల్లోనే. ఒక్కో జాడ 39 అంగుళాలు, రెండూ కలిపి 78. లేన్ 144 అంగుళాలు. అంటే జాడల్లో అంగుళం కూడా వదలకుండా పగిలినా శాతం 54 దాటదు. వందకు 22 అని చదివితే తక్కువే అనిపిస్తుంది. 54కు 22 అని చదివితే జాడల్లో ఐదింట రెండు వంతులు పగిలిపోయాయని తెలుస్తుంది. ఈ ముక్క ఫరవాలేదు అన్న జాబితాలో ఉంది గానీ లోపల మాత్రం కూలిపోతోంది. నా దృష్టిలో ఈ విద్యలో ఇంతకన్నా ముఖ్యమైన మెలకువ లేదు: గ్రేడు చదివి ఆగిపోకుండా, ఆ గ్రేడు వెనకున్న మూడు అంకెల్నీ చదవాలి.

అలాంటి ముక్కకు మందు వేసే ముందు కింద ఏముందో చూడాలి. ఎఫ్‌డబ్ల్యుడి (ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్) అనే పరికరం ఒక గుండ్రని పళ్లెం మీద సుమారు 9,000 పౌండ్ల దెబ్బ వేస్తుంది. అది లారీ యాక్సిల్ ఒక వైపు మోసే బరువు. ఆ దెబ్బకు రోడ్డు ఎంత కిందికి వంగిందో వరసగా పేర్చిన సెన్సర్లు కొలుస్తాయి. దెబ్బ పడిన చోట మాత్రమే ఎక్కువగా వంగి, దూరంలో మామూలుగా ఉంటే లోపం పై పొరల్లోనే ఉన్నట్టు. దూరపు సెన్సర్ల దగ్గర కూడా ఎక్కువగా వంగితే అడుగున మట్టే మెత్తబడినట్టు. తర్వాత కోర్, అంటే రోడ్డు పొరల గుండ్రని నమూనా, కోసి తీసి చూస్తే, పగులు పైనుంచి దిగిందా కిందినుంచి ఎక్కిందా అన్నది కళ్లకు కనిపిస్తుంది.

అడ్డంగా పడిన చలి పగులుకు ఇంత తతంగం అక్కర్లేదు. గాలి కొట్టి శుభ్రం చేసి, వేడి రబ్బరు తారుతో నింపేస్తే చాలు. వసంతంలో గానీ శరత్కాలంలో గానీ చేయిస్తారు. ఎండాకాలంలో పగులు మూసుకుపోయి మందు లోపలికి దిగదు. చలి ముదిరితే పగులు బాగా తెరుచుకుని ఉంటుంది, అప్పుడు నింపినది వేసవిలో పైకి పొంగుతుంది. ఇది చాలా చవకైన పని. బడ్జెట్ తగ్గినప్పుడు ముందే ఆపేసేవాటిలో ఇదీ ఒకటి. అది నాకు బాధ కలిగించే విషయం. బాగా పాడైన రోడ్డును ముందు బాగుచేయాలని జనం అడగడం న్యాయమే. కానీ డబ్బంతా అక్కడే పోస్తే, ఇవాళ ఒక్క పగులుతో ఉన్న మంచి రోడ్డు రేపు ఆ వరసలో వచ్చి నిలబడుతుంది. ఆ లెక్క వచ్చే పాఠంలో వేద్దాం.

అభ్యాసం: 12 అడుగుల లేన్, 0.1 మైలు ముక్క. కుదుపు 181, గాడి 0.45, పగుళ్లు 3 శాతం. గాడి సన్నగా ఉంది, దానికి రెండు పక్కలా తారు గట్టులా పైకి లేచి ఉంది. గ్రేడు ఎంత? తర్వాత గట్టుల గురించి ఆలోచించండి. నేల కుంగితే గాడి వెడల్పుగా, పక్కన గట్టు లేకుండా పడుతుంది. ఇక్కడ మెత్తబడింది ఏ పొర? పైన చూసిన 22 శాతం ముక్కకూ దీనికీ ఖర్చులో ఏది ఎక్కువ, ఎందుకు? కాగితం మీద నాలుగు గీతలతో పొరల బొమ్మ గీసి, జబ్బున్న పొరకు రంగు వేసి ఉంచుకోండి.