బోదకాలు ఇంటి సంరక్షణ – 3వ పాఠం: కడగడం, తడి ఆర్చడం

కిందటి పాఠంలో టేపుతో కాలి కొలత తీసుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠం మొత్తం ఒక్క పని గురించే: కాలు కడిగి, తడి లేకుండా ఆర్చుకోవడం. ఇంత చిన్న పనికి పాఠమా అనిపించవచ్చు. ఈ వరసలో ఒక్క పాఠమే చదివే తీరిక ఉన్నవాళ్లకి నేను ఇదే చదవమంటాను.

క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చిన ఫైలేరియా పురుగు, ఒంట్లో ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే లింఫ్ నాళాల్లో చేరి వాటిని పాడుచేస్తుంది. జబ్బు మొదలు అదే. ఆ తర్వాత కాలిని ఏటేటా లావెక్కించేది మాత్రం మాటిమాటికీ వచ్చే జ్వరం. గజ్జలో బిళ్ల కడుతుంది, వణుకుతో చలిజ్వరం వస్తుంది, కాలు ఎర్రబడి ముట్టుకోనివ్వదు. కొన్ని రోజులకి జ్వరం పోతుంది గానీ వాపు మునుపటి కొలతకి దిగదు. ఇలా పదేపదే వచ్చేసరికి చర్మం గట్టిపడి మడతలు పడుతుంది. ఈ జ్వరం తెచ్చేది బాక్టీరియా. అది లోపలికి దూరేది చర్మంలో ఏదో ఒక పగులులోంచి, చాలామందికి వేళ్ల సందులోంచి. డీఈసీ మాత్రలు పురుగు మీద పనిచేస్తాయి. ఊళ్లో సిబ్బంది ఇచ్చినప్పుడు తప్పకుండా మింగండి, కానీ వాటితో కాలు సన్నబడుతుందని ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కాళ్లు తడిలో నానే పనులు ఎక్కువ. ఉడుపుల రోజుల్లో పొద్దస్తమానం బురదలో నిలబడాలి. గోగు ఊరేసిన మడుగులో దిగి నార తీయాలి. ఇంటికొచ్చేసరికి వేళ్ల సందులు తెల్లగా నాని, ఒరుసుకుపోయి ఉంటాయి. కాబట్టి పని నుంచి రాగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి కాలు కడుక్కోవాలి. రెండుసార్లు కుదరకపోతే రాత్రిది మానకండి.

టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, ఆయింట్‌మెంట్ ఉన్న కిట్టు బోదకాలు ఉన్నవాళ్లకి ప్రభుత్వం తరఫున ఇస్తారు. మీ ఆశా కార్యకర్తనో ఏఎన్ఎమ్‌నో అడగండి. అది వచ్చేదాకా ఇంట్లో ఉన్న టబ్బు చాలు.

స్టూలు మీద కూర్చుని, కాలు టబ్బులో పెట్టండి. మామూలు చల్లటి నీళ్లు వాడండి. వేడినీళ్ల కాపడం హాయిగా ఉంటుందంటారు, కానీ వాచిన కాలికి స్పర్శ తగ్గి, కాలినా తెలియకపోవచ్చు. సబ్బు చేతిలో నురగ చేసుకుని, వాపు మొదలైన చోటి నుంచి కిందికి మెల్లగా రాయండి. పీచు, రాయి, బ్రష్షు ముట్టుకోవద్దు. గట్టిగా తోమితే పైకి కనిపించని గీతలు పడతాయి, బాక్టీరియాకి అంతే చాలు. మడతల్లోకి వేలికి పలచటి నూలు గుడ్డ చుట్టుకుని పోనివ్వండి. టబ్బులో నీళ్లు మార్చుతూ, మురికి లేని నీళ్లు కనిపించేదాకా కడగండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు పని ఇప్పుడే ఉంది. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. వాచిన వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, తువ్వాలు అంచు అక్కడికి పోదు. పాత నూలు చీర నుంచి రెండు వేళ్ల వెడల్పు పట్టీలు చించి, ఉతికి ఎండలో ఆరేసి ఉంచుకోండి. వేళ్లు మెల్లగా విడదీసి, ఒక్కో సందులో పట్టీ పెట్టి ఒత్తి తీయండి. తీసిన పట్టీని చూడండి. తెల్లటి పొట్టు అంటుకుంటే అది ఫంగస్ కావచ్చు. క్లోట్రిమజోల్ లాంటి క్రీము రాయాలి. పైకి తగ్గినట్టు కనిపించినా, డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆపొద్దు. చీము, రక్తం, చెడు వాసన ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఆకు పసరు, సున్నం, బూడిద పెట్టొద్దు. మడమలు పగిలితే కొబ్బరినూనె రాసుకోవచ్చు, వేళ్ల మధ్య మాత్రం వద్దు.

కాలు బాగా లావైనవాళ్లకి పాదం దాకా వంగడం కుదరదు. ఇంకొకరు సాయం పట్టాలి. అత్తగారు సిగ్గుపడి "నా కాలు నువ్వు పట్టుకోవడమేటమ్మా" అంటే, "ఏటత్తా, నా కాలైతే నువ్వు కడగవా?" అనే కోడళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకి ఒక మాట: ఈ జబ్బు ముట్టుకుంటే అంటదు, దోమ ద్వారానే వస్తుంది. మీ చేతులు ముందూ వెనకా సబ్బుతో కడుక్కుంటే చాలు.

షైర్, బెల్జియన్ జాతుల బరువు బండి గుర్రాలకీ కాళ్లు వాచి, చర్మం ముద్దలు కట్టే జబ్బు ఉంది. అక్కడ ఫైలేరియా పురుగు లేదు, పాడైనవి మాత్రం అవే లింఫ్ నాళాలు. వాటికి చేసే సేవలోనూ ముఖ్యమైనవి ఇవే: కాలి వెంట్రుకలు కత్తిరించి, కడిగి, బాగా ఆర్చి, రోజూ నడిపించడం. వాపుకి కారణం ఏదైనా చర్మాన్ని కాపాడుకోక తప్పదు.

ఉద్దానం వాళ్లు ఈ పేరా వదలొద్దు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ. రెండు కాళ్లూ ఒకేసారి వాచి, నొక్కితే గుంట పడి, పొద్దున్నే ముఖం ఉబ్బుతుంటే దాన్ని బోదకాలు అనుకోకండి. వెంటనే క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) చేయించుకోండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కుని మింగితే కిడ్నీలు ఇంకా దెబ్బతింటాయి.

ఇప్పుడే చలిజ్వరంలో ఉన్నవాళ్లు కాలికి చల్లటి తడిగుడ్డ వేసి, నీళ్లు బాగా తాగి, పడుకుని, ఆ రోజే డాక్టరుకి చూపించుకోండి. కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు నీళ్లు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి.

ఈ వారం అభ్యాసం: కడిగిన ప్రతిసారీ పది వేళ్ల సందులూ వెలుతురులో చూసి, పొట్టు గానీ పగులు గానీ ఏ సందులో ఉందో క్యాలెండర్ మీద రాయండి. వచ్చే పాఠం కాలు ఎత్తులో పెట్టుకోవడం, మడమ వ్యాయామాల గురించి. గుండె జబ్బు ఉన్నవాళ్లు అవి మొదలుపెట్టే ముందే డాక్టరుని అడిగి ఉంచుకోండి.