నక్షా గీసే ముందు సంస్థ సత్తాను అంచనా కట్టడం ఎలా?

సంస్థ లక్ష్యాలనూ, పని పద్ధతులనూ, సమాచారాన్నీ, కంప్యూటర్ వ్యవస్థలనూ ఒకే నక్షాలో పొందుపరచడం ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ ప్రణాళిక. ఆ ప్రణాళిక తెచ్చే మార్పును మోయగల సత్తా సంస్థకు ఉందా అన్నది ముందే తేల్చుకోవాలి. 1995లో తొలిసారి వెలువడిన, ఓపెన్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ నిర్వహించే టోగాఫ్ అన్న ఆర్కిటెక్చర్ పద్ధతి కూడా ఈ అంచనాను ఆర్కిటెక్చర్ విజన్ దశలోనే, అంటే గమ్యాన్ని స్థూలంగా ఖరారు చేసుకునే దశలోనే, చేయమంటుంది.

గుంటూరులో మిర్చి కొని, కోల్డ్ స్టోరేజీలో నిల్వ చేసి, ఎగుమతి చేసే సంస్థను తీసుకుందాం. ఏ టిక్కీ (మిర్చి బస్తా) ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలియాలన్నది యజమాని కోరిక. దీనికి కావలసిన సామర్థ్యాలను శాఖల పేర్లతో కాక, లాట్‌ను (ఒక విడతగా కొన్న సరుకును) గుర్తించడం, నాణ్యత నిర్ధారించడం, నిల్వ సరిచూడటం అని పనుల పేర్లతో రాసుకోవాలి. శాఖలు మారినా ఆ పనులు మారవు.

తరువాత ఒక్కొక్క దానికి 1 నుంచి 5 వరకు స్థాయి ఇవ్వాలి. పని ఒక మనిషి మీదే ఆధారపడితే 1. రాసిపెట్టిన పద్ధతి అన్నిచోట్లా ఒకేలా అమలైతే 3. కొలుచుకుంటూ నిరంతరం మెరుగుపరుచుకుంటే 5. అయితే “ఎలా జరుగుతోంది?” అని అడిగితే “బాగానే జరుగుతోందండీ” అన్న జవాబే వస్తుంది. అందుచేత నిరుటి తేజ రకం మిర్చి లాట్ ఒకదాన్ని ఎంచుకుని, కాటా చీటీ నుంచి ఇన్‌వాయిస్ దాకా కాగితాలను వరసగా చూడాలి. నేనలా చూసిన ఒకచోట కాటా చీటీలో ఒక నంబరు, కోల్డ్ స్టోరేజీ బాండులో ఇంకొకటి, కంప్యూటర్‌లో మరొకటి ఉన్నాయి. మూడింటినీ కలిపేది పెద్ద గుమస్తాగారి జేబులోని చిన్న నోటుపుస్తకం మాత్రమే. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్నా, ఆ సామర్థ్యానికి నేను 1 మించి ఇవ్వలేకపోయాను.

మార్పుకు సంస్థ సిద్ధంగా ఉందా అన్నది ఇంతకంటే కష్టమైన ప్రశ్న. దీనికి గతమే మంచి సాక్ష్యం. 2017 జూలై 1న జీఎస్టీ, 2018 ఏప్రిల్ 1న అంతర్రాష్ట్ర రవాణాకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) వచ్చినప్పుడు ఎవరు ముందు నేర్చుకున్నారు, ఎవరు నేర్పారు, పని ఎన్నాళ్లు తడబడింది అని అడగండి. సంస్థలో కొత్తదనాన్ని నిజంగా నడిపించేవారి పేర్లు అక్కడే బయటపడతాయి.

స్థాయిల సగటు తీయడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. లెక్కలు 4లో, లాట్ గుర్తింపు 1లో ఉంటే, రెండున్నర అన్న అంకె అసలు లోపాన్ని కప్పేస్తుంది. అన్నీ 5కు చేరనక్కరలేదు. ప్రణాళిక కోరే స్థాయికీ ఉన్న స్థాయికీ తేడా ఎక్కడ ఎక్కువో, తక్కిన పనులు దేని మీద ఆధారపడ్డాయో చూసి వరస నిర్ణయించాలి. ఇక్కడైతే లాట్‌కు ఒకే నంబరు రావడం మొదటి పని. మిర్చి ముమ్మరంగా వచ్చే రోజుల్లో కాక, మిర్చి మార్కెట్ యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు, ఆ గుమస్తాగారి పక్కన కూర్చుని, ఆయన నోటుపుస్తకంతోనే ఆ పని మొదలుపెట్టాలి.